తలుపుల్లేని బీరువా

క్రితం వారం మనం గురప్పను తిరుపతి బస్టాండులో, చంకలో గొడుగుతో, ముఖం గంటు పెట్టుకొని ఉండగా వదిలిపెట్టాం. చిత్తూరులో ఇనుప బీరువాల కొట్టు ఆయనది. మద్రాసులో కంపెనీ ఉద్యోగం చేసుకుంటున్న అల్లుడు ప్రేమానందం దాన్ని కాలదన్ని తిరుపతికి వచ్చి, చెక్క పలకలు కోయించి జనం గోడలకు తగిలించే వ్యాపారం పెట్టాడని విన్నప్పటి నుంచి ఆయనకు అన్నం సహించడం లేదు. నిజానిజాలు తెలుసుకోవడానికి ఆయన రాలేదు. నిర్ణయం చిత్తూరులోనే అయిపోయింది. కూతురు చంద్రకాంతమ్మను, సామానును మధ్యాహ్నం వచ్చే వ్యానులో ఎక్కించి ఇంటికి తీసుకుపోవాలి. అల్లుడికి బుద్ధి ఉంటే వెనకే వస్తాడు. కొట్లో రసీదులు రాసే కుర్చీ ఒకటి ఖాళీగానే ఉంది.

అలిపిరి దారిలో కూతురి ఇల్లున్న సందు పట్టుకోవడానికి ఆయన ఎవరినీ అడగనక్కరలేకపోయింది. రంపం చప్పుడే పిలిచింది. వసారా నిండా చెక్కపొట్టు. మధ్యలో బల్ల మీద పలకను బిగించి చిత్రిక పడుతున్న మనిషి తలెత్తి చూశాడు. పేరు సుల్తాన్. ప్రేమానందంతో కలిసి పనిచేసే వడ్రంగి.

"సలాం పెద్దాయనా. పొట్టు మీద కాలు పెట్టొద్దండి, జారతాది."

గురప్ప పొట్టును చూశాడు. తన చెప్పులను చూసుకున్నాడు. చివరికి సుల్తాన్‌ను చూశాడు.

"ఈడ మనుషులు కాపురం జేస్తా ఉండారా, కట్టెల అడితి పెట్టినారా?"

"రెండూనప్పా. ముందర అడితి, ఎనక కాపురం. మీరు ఎనక్కే కదా వచ్చింది."

జవాబు చెప్పడం తన స్థాయికి తక్కువ అనుకున్నాడు గురప్ప. పంచె మడమల పైకి ఎత్తి పట్టుకొని, బురద దాటినట్టు పొట్టును దాటి, గడప లోపల కాలు పెట్టాడు. పెట్టి అక్కడే నిలబడిపోయాడు.

ఎదురు గోడంతా అరలే. నేలకు ఆనే కాలు మాత్రం ఒక్కటీ లేదు. నిచ్చెన కమ్ముల్లాంటి సన్నటి టేకు పట్టీలు గోడకు నిలువుగా మరలతో బిగించి ఉన్నాయి. పట్టీల పొడుగునా బెజ్జాలు, బెజ్జాల్లో ఇనుప కొక్కేలు, కొక్కేల మీద పలకలు. ఒక పలక ఎత్తున ఉంటే పక్కది పల్లాన ఉంది. నడుమ సొరుగులున్న చిన్న పెట్టె ఒకటి, పక్కకు జరిగే తలుపున్న పెట్టె ఒకటి, అవి కూడా నేల పొత్తు లేకుండా గోడను పట్టుకొని ఉన్నాయి. వాటి కింద గుడ్డ పెట్టి తుడిచిన జాడ తడితడిగా కనిపిస్తోంది.

ఇక వాటి మీద ఉన్నవి చూసేసరికి గురప్ప చెవులు వేడెక్కాయి. రేడియో పక్కన కుంకుమ భరిణె. కుంకుమ భరిణె పక్కన అల్లుడి గడ్డం గీసుకునే సబ్బు. దాని పైఅరలో పుస్తకాలు, కింది అరలో పప్పుల డబ్బాల వరస. ఇంకో పలక మీద కూతురి చీరలు, మడతలు వీధికి తిప్పి.

జీవితమంతా తలుపులు అమ్మి బతికిన మనిషి ఆయన. బీరువా అంటే ఆయన లెక్కలో తలుపే. వెనకుండేది ఉత్త రేకు. జనం డబ్బిచ్చేది తలుపుకు, తలుపు మీది అద్దానికి, అద్దం పక్కన పిడికి, పిడి కింద తాళానికి. ఆ తలుపునే తీసి పారేసి మిగిలిన దాన్ని అమ్ముకుంటానంటున్నాడు తన అల్లుడు, పాలిటెక్నిక్ చదివినవాడు.

చంద్రకాంతమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన చెంబు అందుకొని, తాగకుండా దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూసి, ఆ అరల మీద పెట్టడం ఇష్టం లేక చేతిలోనే పట్టుకున్నాడు.

"ఇదేనా?" అన్నాడు అల్లుడితో.

"ఇదే మామా." ప్రేమానందం చొక్కా గుండీ పెట్టుకుంటూ వచ్చాడు. సన్నటి మనిషి, మాట కూడా సన్నమే. "మద్రాసులో మా కంపెనీకి డెన్మార్కు ఇంజనీరు ఒకాయన ఉండె. దేశానికి పోతా ఇంట్లో సామానంతా వేలం వేసినాడు. ఇది నేను పాడుకున్నాను. పదైదేండ్లు వాడిన సరుకు, ఒక్క పలకన్నా వంగింటే చూడండి. దీన్ని చూసే మేము కొత్తవి చేస్తా ఉండాము."

"దొర పారేసి పోయింది నువ్వు నెత్తిన పెట్టుకోని వచ్చినావు."

"పారేయలేదు మామా, అమ్మినాడు."

"ఓడెక్కించుకోని పోలేదు గదా. పనికొచ్చేదైతే పోతాడు." గురప్ప వేలితో పలకను రాసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పాలీషు యాడ?"

"దీనికి పాలీషు వెయ్యరు. నూనె పట్టిస్తారు."

"నూనె. పసిబిడ్డకు పట్టించినట్టు." ఆయన వసారా వైపు తల తిప్పి, సుల్తాన్‌కు వినపడేలా అన్నాడు. "పాలీషుకు దుడ్డు లేదని చెప్పుకోలేక నూనె కథ చెప్తా ఉండారప్పా."

అప్పుడు గురప్ప తన కొట్లో ప్రతి గిరాకీ ముందరా చేసే పని చేశాడు. చెయ్యి చాచి, అరచేత్తో బలంగా చరిచాడు. ఇనుప బీరువాను అలా చరిస్తే గుడిగంట మాదిరి మోగుతుంది. ఆ మోత విని పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. ఆ మోతే సగం బేరం. ఈ పలక మాత్రం పొట్టిగా, మెత్తగా ఒక చిన్న చప్పుడు చేసి ఊరుకుంది. రేడియో పైనున్న గుడ్డ కొంచెం కదిలింది.

"సూడు," అన్నాడు గురప్ప. "నోరే లేదు దీనికి."

ప్రేమానందం మాటలతో నెగ్గలేనని తెలిసినవాడు కనుక, చేసి చూపిద్దామనుకున్నాడు. పుస్తకాల పలకను ఖాళీ చేసి, రెండు చేతులతో కొంచెం పైకి ఎత్తి లాగితే అది ఊడి వచ్చింది. కొక్కేలను రెండు బెజ్జాల కింద తగిలించి, పలకను మళ్లీ వాటి మీద పెట్టాడు.

"ఎవరి ఎత్తుకు కావాలంటే వాళ్ల ఎత్తుకు మార్చుకోవచ్చు మామా. ఇల్లు పెరిగితే ఇంకో పట్టీ, ఇంకో రెండు పలకలు. ఇల్లు మారితే మరలు విప్పి చంకన పెట్టుకోని పోవచ్చు."

"దొమ్మరోళ్లు గెడ కట్టుకోని ఊరూరు తిరిగినట్టు." గురప్ప నవ్వాడు. ఆ నవ్వులో పళ్లు మాత్రమే ఉన్నాయి. "బీరువా అంటే యేందో తెలుసునా నీకు? కదలకూడదు. నలుగురు మోస్తే గానీ గుమ్మం దాటకూడదు. పెట్టిన కాడ పెట్టినట్టు ఉండాల. ఇంటి యజమాని మాదిరి. అదీ బీరువా. ఇది పావురాల గూడు. ఈ ఊర్లో దీన్ని ఎవడు కొంటాడు?"

"సత్రం వాళ్లు అడిగినారు మామా."

"ఏ సత్రం?"

ప్రేమానందం చెప్పాలా వద్దా అని భార్య వైపు చూశాడు. చంద్రకాంతమ్మ చెప్పమన్నట్టు చూసింది.

"మీరు గదులన్నిటికీ బీరువాలిచ్చినారే, ఆ సత్రమే. మేనేజరు కుప్పయ్య పోయిన వారం వచ్చి కొలతలిచ్చి పోయినాడు. యాత్రికులు బీరువాలో గుడ్డలు పెట్టి తాళమేసి, తాళంచెవి నడుముకు దోపుకోని కొండెక్కుతారంట. గుండ్లు చేయించుకోని, దర్శనం చేసుకోని, ఆ మంపున అట్లే రైలెక్కేస్తారంట. ఊరికి పోయినాక నడుములో తాళంచెవి అగుపడతాది. ఈడ బీరువా పగలగొట్టాల. మళ్లా రిపేరు, మళ్లా పగలగొట్టేది. తలుపుల్లేనివి ఉంటే చెప్పండి అని ఆయనే అడిగినాడు."

కుప్పయ్య ప్రతి ఏడూ ఆయన కొట్టు ముందర ఆగి కాఫీ తాగే మనిషి. బీరువా మరమ్మతులని పని తెస్తే, ఎంత వాడుకున్నారో సత్రంవాళ్లు అని ఆయన లోలోపల సంతోషించాడే గానీ కారణం అడగలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. చేతిలో చెంబు ఉన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి రెండు గుక్కలు నీళ్లు తాగాడు. ధిక్కారం మళ్లీ తడి పట్టుకొని లేచింది.

"కుప్పయ్యకు మతి పోయింది. సత్రం సరుకు సత్రానికి సరే. బోడిగుండ్లోళ్లు ఒకరాత్రి పండుకోని పోయే కొంపకు ఇది చాలు. నా బిడ్డ కాపురం సత్రమా? వచ్చినోడు పోయినోడు నా బిడ్డ చీరలు లెక్కబెట్టుకోవాల్నా?" ఆయన చెంబును నేల మీద పెట్టాడు. "నేనిచ్చిన బీరువా యాడ పెట్టినారు?"

వసారాలో చిత్రిక చప్పుడు ఆగింది.

గురప్ప జవాబు కోసం ఆగలేదు. పడకగదిలోకి పోయాడు. మంచం ఉంది, కిటికీ ఉంది. మూలన గచ్చు మీద బీరువా కాళ్లు ఆనిన గుర్తులు తెల్లగా ఉన్నాయి. పెండ్లినాడు మేళంతో, పసుపు కుంకుమలు పెట్టించి, బజారు నడుమ ఊరేగించి పంపిన బీరువా. కొట్టులో దాన్ని మించిన సరుకు లేదు. దాని అద్దం కోసం ఆయన మద్రాసుకు మనిషిని పంపాడు.

బయటికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. గట్టిగా అరిచే మనిషికి గొంతు తగ్గితే ఇంకా భయం.

"అమ్ముకున్నావు."

ప్రేమానందం నేల చూశాడు.

"టేకు కొనుక్కునేదానికి నా బిడ్డ సారె అమ్ముకున్నావు. తెలిసిపాయె. మీ నాయనకు పొలం నిలవలేదు, నీకు ఉద్యోగం నిలవలేదు. ఆఖరికి బీరువా గూడా నిలవలేదు. దానికి కాళ్లుండాయి గదా, నీ పలకల మాదిరి కాదు గదా, ఎట్ల పోయిందప్పా?" కూతురి వైపు తిరిగాడు. "పాపా, నీ గుడ్డలు సర్దుకో. ఎట్లా బయటే ఉండాయి, ఎంతసేపు. వ్యాను వస్తా ఉండాది."

ప్రేమానందం ఏదో చెప్పబోయాడు. చంద్రకాంతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయన కాదు నాయనా. నేనమ్మినాను."

"మొగుణ్ణి కాపాడబాకు."

"చంద్రగిరిలో ఒక అయ్యవారి కూతురికి పెండ్లి కుదిరింది. వాళ్లొచ్చి అడిగినారు. ఆ పొద్దు ఈయన ఊర్లో లేడు. వచ్చి చూసి, మీ నాయనకు ఏం చెప్తావని దిగులు పడినాడు. నేను చెప్పుకుంటాలే అన్నాను. ఇదో, చెప్తా ఉండాను."

గురప్ప కూతురి ముఖంలో ఏడుపు కోసం వెతికాడు. అది కనపడలేదు. ఆమె ముఖంలో ఉన్నది ఆయనకు బాగా తెలిసిన సరుకే. బేరం తెగదని తెలిసిన గిరాకీని చూసేటప్పుడు తన ముఖంలో ఉండేది. కూతురి దగ్గర దాన్ని చూడటం మాత్రం ఇదే మొదలు.

"యాలమ్మినావు?"

"దాని రెండో తాళంచెవి నీ మొలతాడుకు ఉండాది గాబట్టి."

అది నిజం. బీరువాకు రెండు తాళంచెవులు వస్తాయి. ఆడపిల్లకు సారెగా కొనేవాళ్లెవరు వచ్చినా గురప్ప ఒక మాట చెప్పేవాడు. ఒకటి బిడ్డ కొంగుకు కట్టండి, ఇంకొకటి మీ దగ్గర పెట్టుకోండి, పోయినప్పుడల్లా తెరిచి చూస్తే ఆ ఇంట్లో మీ బిడ్డ సుఖం కష్టం అందులోనే తెలిసిపోతాది, అని. ఎంత ముందుచూపు అని చిత్తూరులో తండ్రులందరూ తలలూపేవారు. చెప్పిన మాటే ఆయన తన కూతురి విషయంలోనూ చేశాడు. అందులో తప్పేముందో ఇప్పటికీ ఆయనకు తెలియలేదు.

"కార్తీకంలో నువ్వు మద్రాసుకొచ్చినప్పుడు నేను తలకు పోసుకుంటా ఉండాను," అంది చంద్రకాంతమ్మ. "బీరువా తలుపు కిర్రుమనింది. నీ బీరువాల చప్పుడు నాకు తెలీదా నాయనా, వాటి నడుమనే గదా పెరిగింది. చీరలన్నీ ఎత్తి, అడుగున తడిమి, మళ్లా పెట్టినావు. మడతలు మారిపోయినాయి. బయటికి వస్తే నువ్వు ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతా కూర్చోనుండావు."

"నీ మంచికే సూసినాను. నగలుండాయో, ఈయప్ప కుదవ పెట్టినాడో అని."

"నన్నడిగితే చెప్పనా?"

"ఆడబిడ్డలు మొగుణ్ణి ఎనకేసుకోని చెప్తారు. ఇనుము అబద్ధం చెప్పదు." అని, అంతలోనే అసలు సంగతి గుర్తొచ్చింది ఆయనకు. "నగలు యాడ?"

"కందిపప్పు డబ్బాలోనో, మినప్పప్పు డబ్బాలోనో ఉండాయి."

గురప్ప తల ఆ డబ్బాల వైపు తిరిగింది. ఒకే కొలత, ఒకే మెరుపు, వరసగా. ఆయన కళ్లు ఒకదాని నుంచి ఒకదానికి పోయాయి.

"ఏ డబ్బా?"

"అది నాకు తెలుసు. ఇంగ ఎవరికీ తెలియనక్కర్లేదు."

వసారాలో సుల్తాన్ దగ్గినట్టు చేసి నవ్వును మింగుకున్నాడు. గురప్పకు ఆ దగ్గు వినపడింది. ముఖం ఎర్రబడింది.

"నీ మంచి కోరినోణ్ణి ఎగతాళి జేస్తా ఉండావు. మీ అమ్మ ఇట్ల పెంచలేదు నిన్ను."

"అమ్మ సంగతి యాల ఎత్తినావు నాయనా. ఎత్తినావు గాబట్టి ఇను." చంద్రకాంతమ్మ గొంతు పెంచలేదు. "అమ్మ పండక్కి మంచి చీర కట్టుకోవాలంటే కొట్టుకాడికి మనిషిని పంపించాల. నీకు గిరాకీ ఒడిసినాక ఇంటికొస్తావు. మొలతాడు నుంచి తాళంచెవి తీసి, తలుపు తెరిచి, అడ్డంగా నిలబడి 'ఏది' అంటావు. అమ్మ నీ చంక కింద నుంచి వేలు పెట్టి చూపిస్తాది. వాళ్లమ్మ ఇచ్చిన కాసులపేరు గూడా నీ చేత్తో తీసిచ్చి, తెల్లారి నీ చేత్తోనే లోపల పెట్టేసుకుంటావు. జిల్లా అంతా బీరువాలమ్మే ఇంట్లో, ఆమెకు ఒక తలుపు తెరుసుకునే దిక్కు లేదు. నేను ఆ చంక కింది వేలిని చూస్తానే పెరిగినాను. ఈ గోడ చూసిన పొద్దే ఆయనతో చెప్పినాను, మనింట్లో ఇట్లాంటివే ఉండాలని."

ఇంతసేపూ గురప్ప అల్లుడి మీద పోగుచేసుకున్న తిరస్కారం ఒక్కసారి ఎటు పోవాలో తెలియక నిలబడింది. తర్వాత దానికి దారి దొరికింది.

"మీ అమ్మ ఎన్నడన్నా నోరు తెరిచి అడిగిందా, తాళంచెవి ఈమని? అడగలేదు. ఎందుకంటే ఆమెకు బుద్ధి ఉండాది. ఆమెకు లేని నొప్పి నువ్వు పడతా ఉండావు, పుస్తకాలు సదివి. వడమాలపేటలో వాళ్లన్న మనవరాలికి చెవులు కుడతారని పోయి ఉండాది. రానీ. నీ ముందర కూర్చోబెట్టి అడుగుతాను. మునిరత్నమ్మ నోట ఒక్క మాట వస్తే, నేను ఈ పలకలు మోసి అమ్ముతా."

"అంత దూరం యాల," అంది చంద్రకాంతమ్మ. "ఇప్పుడే అడుగు. వంటింట్లో ఉండాది."

గురప్పకు ఆ మాట వెంటనే తలకెక్కలేదు. వంటింటి గుమ్మంలో చీర కుచ్చెళ్లు కదిలాయి. మునిరత్నమ్మ వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, చంకలో ఒక గుడ్డమూటతో. వడమాలపేట పోయే బస్సులో నిన్న ఆయనే స్వయంగా ఎక్కించి, సీటు చూపించి, టికెట్టు చేతిలో పెట్టిన మనిషి.

"నువ్వు ఈడ యేం జేస్తా ఉండావు?" అన్నాడు గురప్ప.

మునిరత్నమ్మ కోపంతో మొహం తిప్పుకోలేదు. కొట్లో అమ్ముడుపోని సరుకు పక్కగా నడిచినట్టు ఆయన పక్కగా నడిచి గోడ దగ్గరికి పోయింది. ఆ పట్టీలను, బెజ్జాలను, పలకలను నిదానంగా చూసింది. పొట్టి మనిషి. పైఅర ఆమె తలకు చాలా ఎత్తున ఉంది.

"నాయనా ప్రేమానందం," అంది. "నాకొక పలక ఇస్తావా. ఊరికే వద్దు, ఈ ఇంట్లో పని చేస్తాను."

ప్రేమానందం మామ ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. వసారాలోంచి సుల్తాన్ అప్పుడే చిత్రిక పట్టిన కొత్త పలక తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎంత ఎత్తున పెట్టమంటారు అత్తా?" అన్నాడు ప్రేమానందం, పలక అందుకొని.

మునిరత్నమ్మ కుడిచెయ్యి ఎత్తింది. ఎవరి చంక కిందా దూర్చనక్కరలేకుండా, నేరుగా, తన భుజం ఎత్తున గోడకు ఆనించింది.

"ఈడ."

రెండు కొక్కేలు, ఒక పలక. గురప్ప అడ్డం వచ్చేలోపే పని అయిపోయింది. ఆమె మూట విప్పింది. ఒక చీర పెట్టింది. దాని పక్కన దువ్వెన పెట్టింది. తర్వాత మూట అడుగు నుంచి వెలిసిపోయిన ఎర్ర మఖమలు పెట్టె తీసి, మూత తెరిచి, అందరికీ కనిపించేలా పలక నడుమ పెట్టింది. పెట్టెలో, గురప్ప తన చేత్తో చిత్తూరు బీరువాలో పెట్టి తాళం వేసిన కాసులపేరు చుట్ట చుట్టుకొని ఉంది.

గురప్ప చెయ్యి మొలతాడు మీదికి పోయింది. చిత్తూరు ఇంటి బీరువా తాళంచెవులు రెండూ అక్కడే, ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉన్నాయి. ఈ ఉదయం బస్సెక్కే ముందు ఆయన ఆ బీరువా పిడి లాగి చూశాడు. తాళం వేసినట్టే ఉంది.